కాలేయం కొత్తది, వైరస్ పాతదేనా?

కాలేయ మార్పిడి శస్త్రచికిత్సలో ఒక విచిత్రమైన ఘట్టం ఉంటుంది. పాడైన కాలేయాన్ని తీసేశాక, దాత కాలేయాన్ని రక్తనాళాలకు కుట్టి రక్తం వదిలేవరకు, రోగి ఒంట్లో కాలేయమంటూ ఏదీ ఉండదు. రోగికి హెపటైటిస్ సి ఉంటే, ఆ వ్యవధిలో తీసిన రక్తంలో వైరస్ పరిమాణం చకచకా పడిపోతూ కనిపిస్తుంది. వైరస్‌ను తయారుచేసే చోటే పోయింది కదా! రక్తంలో తిరిగే ఈ వైరస్ కణాల్లో సగం సుమారు 3 గంటల్లోనే నశిస్తాయి. కొత్తవి వచ్చి చేరకపోతే లెక్క తగ్గక తప్పదు. కొత్త కాలేయంలోకి రక్తం ప్రవహించడం మొదలయ్యాక కూడా మరికొన్ని గంటలపాటు ఆ తగ్గుదల సాగుతుంది.

ఆ అంకెలు చూసి సంతోషించడానికి లేదు. రెండో విడత తగ్గుదలకు కారణం వేరు: రక్తంలో మిగిలిన వైరస్ కొత్త కాలేయ కణాల్లోకి దూరిపోతోంది. 2002లో బార్సిలోనా వైద్యులు ఆపరేషన్ జరుగుతున్నప్పుడూ, ఆ తర్వాతి గంటల్లోనూ రక్త నమూనాలు తీసి ఈ క్రమాన్ని నమోదు చేశారు. చాలామందిలో కొద్ది రోజుల్లోనే వైరస్ మళ్లీ పెరగసాగింది. కొందరిలో వారం తిరగకముందే పాత స్థాయిని అందుకుంది. కుట్లు ఆరకముందే కొత్త అవయవానికి పాత జబ్బు అంటుకుందన్నమాట.

వైద్యులు దీన్ని 'రికరెన్స్' అంటారు, మనం 'రోగం తిరగబెట్టింది' అంటాం. ఆ మాట నాకు ఎప్పుడూ తృప్తినివ్వలేదు. తిరగబెట్టడమంటే ఒకసారి తగ్గి మళ్లీ రావడం. ఇక్కడ తగ్గిందెప్పుడు? కాలేయం మారింది గానీ వైరస్ ఒంట్లోంచి ఒక్క పూటైనా పోలేదు. పోనీ పాత వైరసే ఉన్నదున్నట్టు వచ్చి కూర్చుందా అంటే, అదీ నిజం కాదు. కొత్త కాలేయంలో కాపురం పెట్టేది పాత గుంపు మొత్తం కాదు, దానిలోంచి జల్లెడలో నిలిచిన కొన్ని రకాలే. ఆ జల్లెడ సంగతి తెలిస్తే, వైద్యులు ఇరవయ్యేళ్లకు పైగా ఈ వైరస్ ముందు ఎందుకు ఓడిపోతూ వచ్చారో, గత పదేళ్లలో ఎందుకు గెలుస్తున్నారో రెండూ బోధపడతాయి.

ఓటమి ఎంత పెద్దది

మనుషుల్లో కాలేయ మార్పిడిని మొదటగా 1963లో అమెరికా శస్త్రవైద్యుడు థామస్ స్టార్జ్ల్ చేశారు. హెపటైటిస్ సి వైరస్‌ను గుర్తించింది 1989లో. అంటే పాతికేళ్లకు పైగా ఈ వైరస్ ఉన్నవారికి కూడా, అది ఉందని తెలియకుండానే కాలేయాలు మార్చారు. అప్పట్లో ఈ జబ్బును 'ఎ కాదు, బి కాదు' అనే పేరుతోనే పిలిచేవారు. వైరస్ ఆవిష్కరణకు బాటలు వేసిన హార్వే ఆల్టర్, మైకేల్ హౌటన్, చార్లెస్ రైస్‌లకు 2020లో నోబెల్ బహుమతి దక్కింది.

పరీక్ష వచ్చాక తేలింది ఏమిటంటే, మార్పిడి నాటికి రక్తంలో వైరస్ ఉంటే దాదాపు అందరిలోనూ కొత్త కాలేయానికి సోకుతుంది. ఏడాది తిరిగేసరికి రక్తంలో వైరస్ పరిమాణం ఆపరేషన్‌కు ముందున్నదానికి పది, ఇరవై రెట్లు ఉండడం మామూలు. ఇతరుల్లో ఈ వైరస్ కాలేయాన్ని గట్టిపరిచి సిర్రోసిస్‌కు తెచ్చేందుకు సాధారణంగా రెండు మూడు దశాబ్దాలు తీసుకుంటుంది. అదీ అందరిలో కాదు. మార్పిడి జరిగినవారిలో, చికిత్స లేకపోతే, సుమారు 20 నుంచి 30 శాతం మంది ఐదేళ్లలోనే ఆ దశకు చేరేవారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి, ఎవరో కన్నుమూస్తూ ఇచ్చిన అవయవాన్ని పొంది, ఐదేళ్లకే మళ్లీ అదే జబ్బుతో అదే మంచం మీద పడుకోవడం ఎంత క్రూరమో ఆలోచించండి. రెండోసారి మార్పిడి చేయాలా వద్దా అన్న ధర్మసంకటం అక్కడే పుట్టింది.

ఎత్తిరాతలో తప్పులు

ఈ వైరస్ స్వభావం అర్థం కావాలంటే అచ్చుయంత్రం రాకముందు గ్రంథాలను చేత్తో ఎత్తిరాసిన రోజులను తలచుకోవాలి. ఒక్కో లేఖకుడు ఎక్కడో ఒక అక్షరం తప్పు రాస్తాడు. ఆ ప్రతిని చూసి రాసేవాడు ఆ తప్పునూ రాస్తాడు, తనదొకటి కలుపుతాడు. కొన్ని తరాలు గడిచాక చేతికి వచ్చే ప్రతులన్నీ పాఠాంతరాలే. ఏది మూలమో తేల్చడం పండితుల వల్ల కూడా కాదు.

హెపటైటిస్ సి వైరస్ గ్రంథం, అంటే దాని జన్యుపదార్థం, ఆర్‌ఎన్‌ఏ. దాని నిడివి దాదాపు 9,600 అక్షరాలు. దానిలోంచి సుమారు 3,000 అమైనో ఆమ్లాల (ప్రొటీన్‌కు ఇటుకల్లాంటివి) ఒకే పొడవాటి ప్రొటీన్ తయారై, తర్వాత పది ముక్కలుగా తెగుతుంది. ఈ గ్రంథాన్ని ఎత్తిరాసే ఎంజైమ్ పేరు ఎన్‌ఎస్5బి. మన కణాల్లో డీఎన్‌ఏను నకలు చేసే ఎంజైమ్‌లకు రాసింది సరిచూసుకునే గుణం ఉంది. ఎన్‌ఎస్5బికి ఆ గుణం లేదు. పది వేల నుంచి లక్ష అక్షరాలకు ఒకటి చొప్పున తప్పు రాస్తుందని అంచనా. అంటే ఒకటి నుంచి పది నకళ్లకు ఒక తప్పు. పెద్ద లెక్క కాదనిపిస్తుంది. కానీ సోకిన మనిషి ఒంట్లో రోజుకు సుమారు లక్ష కోట్ల వైరస్ కణాలు పుడతాయి.

ఇక్కడ కాస్త లెక్క వేసి చూడండి. 9,600 అక్షరాల్లో ఒక్కో దాన్ని మిగతా మూడు అక్షరాల్లో దేనితోనైనా మార్చవచ్చు. కాబట్టి ఒక్క అక్షరం తేడాతో సాధ్యమయ్యే పాఠాంతరాలు మొత్తం 28,800. లక్ష కోట్ల నకళ్లలో ఆ ప్రతి ఒక్కటీ ఏ రోజుకారోజు అనేకసార్లు పుడుతూనే ఉంటుంది. ఒకేసారి రెండు తేడాలున్న పాఠాంతరాలు 40 కోట్ల పైచిలుకు. అవి కూడా రోజూ పుట్టగలవు. మూడు నిర్దిష్టమైన తేడాలు ఒకే నకలులో ఒకేసారి పడడం మాత్రం అంత తేలిక కాదు. ఈ చివరి వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి, మందుల దగ్గర దీనితో పని పడుతుంది.

పుట్టినవన్నీ బతకవు. చాలా తప్పులు వైరస్‌నే కుంటిదాన్ని చేస్తాయి. బతికిన వాటితో ఏర్పడే గుంపును 'క్వాసీస్పీషీస్' అంటారు. 1970లలో మాన్‌ఫ్రెడ్ ఐగెన్, పీటర్ షుస్టర్ జీవం పుట్టుకను గణితంతో వివరించే ప్రయత్నంలో తెచ్చిన భావన ఇది. రోగికి ప్రయోగశాల ఇచ్చే కాగితం మీద 'జీనోటైప్ 1' అనో 'జీనోటైప్ 3' అనో ఉంటుంది. ఇప్పటికి గుర్తించిన జీనోటైప్‌లు ఎనిమిది, ఒకదానికీ మరొకదానికీ మధ్య సుమారు 30 శాతం అక్షరాలు తేడా. కానీ ఆ కాగితం చెప్పేది గుంపు ఇంటిపేరు మాత్రమే. ఒకే రోగి ఒంట్లో ఉన్న అసంఖ్యాకమైన అన్నదమ్ముల సంగతి అందులో ఉండదు.

జల్లెడ దాటేదెవరు?

కొత్త కాలేయం దగ్గర ఈ గుంపు మొత్తానికీ ఒకేసారి పరీక్ష ఎదురవుతుంది. రక్తంలో ఏళ్ల తరబడి తయారైన యాంటీబాడీలు ఉన్నాయి. అవి వైరస్ పైపొరలోని ఈ2 అనే ప్రొటీన్‌ను పట్టుకుని, కణాల్లోకి వెళ్లనీయకుండా అడ్డుపడతాయి. ఈ2 మొదట్లోనే 27 అమైనో ఆమ్లాల ముక్క ఒకటుంది. గ్రంథం మొత్తంలో అత్యంత చంచలమైన భాగం అదే. యాంటీబాడీల దృష్టి ఎక్కువగా పడేదీ దాని మీదే. పట్టు దొరికిందనుకునేలోపు అది రూపు మార్చేస్తుంది. మరోవైపు కాలేయ కణం గుమ్మం దాటాలంటే వైరస్‌కు సీడీ81, ఎస్‌ఆర్‌బీ1, క్లాడిన్ 1, ఆక్లుడిన్ వంటి తాళాలన్నీ వరసగా తీయగలగాలి. ఎక్కువగా మారితే తాళంచెవి పట్టదు, తక్కువగా మారితే యాంటీబాడీ పట్టేస్తుంది.

2010లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ పరిశోధకులు ఈ పరీక్షను ప్రయోగశాలలో తిరిగి నిర్వహించారు. మార్పిడికి ముందు రోగుల రక్తంలో ఉన్న రకాలనూ, మార్పిడి తర్వాత కొత్త కాలేయంలో స్థిరపడిన రకాలనూ వేరుచేసి, వాటి పైపొర ప్రొటీన్లను నకిలీ వైరస్ కణాలకు తొడిగారు. కాలేయ కణాల మీద వాటిని వదిలి చూస్తే, స్థిరపడిన రకాలు కణాల్లోకి మరింత సమర్థంగా దూరాయి. పైగా రోగి సొంత యాంటీబాడీలు వాటిని సరిగా అడ్డుకోలేకపోయాయి. మార్పిడి తర్వాత కనిపించకుండా పోయిన రకాలకు ఆ రెండు గుణాలూ అంతగా లేవు. రెండేళ్ల తర్వాత అదే బృందం ఈ2లో 447, 458, 478 స్థానాల్లోని మార్పులు ఈ నేర్పుకు కారణమని చూపింది. మూడు వేల అమైనో ఆమ్లాల్లో మూడంటే మూడు. వైరస్ ఏదో పన్నాగం పన్నిందని కాదు. ఆ మూడు మార్పులున్న కణాలు గుంపులో ముందే ఉన్నాయి, జల్లెడ వాటిని ఏరింది.

దీన్ని దృష్టిలో పెట్టుకుంటే ఒక పాత వైఫల్యపు చిక్కుముడి కూడా విడిపోతుంది. హెపటైటిస్ బి రోగులకు కాలేయం మార్చేటప్పుడు యాంటీబాడీల ఇంజెక్షన్ ఇస్తే కొత్త కాలేయాన్ని చాలావరకు కాపాడవచ్చు. దశాబ్దాలుగా అది పనిచేస్తోంది. అదే దారిలో హెపటైటిస్ సికి రక్తదాతల నుంచి సేకరించిన యాంటీబాడీలు ఇచ్చి చూశారు. ఫలితం ఆశించినట్టు రాలేదు. ఆ తర్వాత ఈ2లో పెద్దగా మారని చోటును వెతికి, దాని మీద గురిపెట్టే ఒకే రకం యాంటీబాడీని తయారుచేసి, 11 మంది రోగులున్న చిన్న పరీక్షలో ప్రయోగించారు. 2013లో వెలువడిన ఆ ఫలితాలు నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో రోజుల్లోనే పెరిగిన వైరస్, యాంటీబాడీ తీసుకున్నవారిలో వారాల పాటు అణిగి ఉంది. తర్వాత వారిలోనూ లేచింది. లేచిన వైరస్‌ను చదివి చూస్తే 415వ స్థానంలోనో, 417వ స్థానంలోనో అమైనో ఆమ్లం మారి ఉంది. యాంటీబాడీ పట్టుకునేది సరిగ్గా అక్కడే. ఎంత పదునైనదైనా ఆయుధం ఒక్కటే అయితే, దాన్ని తప్పించుకునే పాఠాంతరం గుంపులో ముందే ఉంటుందన్నది ఆ ఫలితం తేల్చిన విషయం.

అణచిన రోగనిరోధక శక్తి మధ్య

మార్పిడి జరిగిన మనిషి జీవితాంతం టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ వంటి మందులు వాడతారు. కొత్త కాలేయాన్ని శరీరం పరాయిదిగా తిరస్కరించకుండా ఉండాలంటే రోగనిరోధక శక్తిని కొంత అణచక తప్పదు. అలా అణిచితే వైరస్ విచ్చలవిడిగా మారిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తరుముకొచ్చేవారు లేనప్పుడు రూపు మార్చుకునే అవసరమూ తగ్గుతుంది. తప్పులు పడుతూనే ఉంటాయి, కానీ వాటిలో ఒకదాన్ని ఏరి పైకి తెచ్చే ఒత్తిడి సడలుతుంది. అందుకే మార్పిడి తర్వాత వైరస్ పరిమాణం బాగా పెరిగినా, పైపొర ప్రొటీన్‌లో వైవిధ్యం తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించింది. వైవిధ్యానికీ జబ్బు తీవ్రతకూ సంబంధం వెతికిన పరిశోధనలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. రోగుల సంఖ్య తక్కువ, ఒకరు చదివిన జన్యుభాగం ఇంకొకరు చదవలేదు, పాత పద్ధతిలో ఒక్కో నమూనా నుంచి కొద్దిపాటి నకళ్లనే చదవగలిగేవారు. లక్ష కోట్ల గుంపు గురించి పది, ఇరవై నకళ్లతో తీర్పు చెప్పడంలో ఉన్న చిక్కు అది. కాబట్టి వైవిధ్యాన్ని కొలిచి ఒక రోగి భవిష్యత్తు చెప్పగలమన్న మాటను నేను నమ్మను.

తీవ్రతను పెంచేవని గట్టిగా తేలినవి వేరే ఉన్నాయి: దాత వయసు ఎక్కువ కావడం, తిరస్కరణను అణచడానికి ఒక్కసారిగా పెద్ద మోతాదులో స్టెరాయిడ్లు ఇవ్వడం, సైటోమెగలో వైరస్ అనే మరో వైరస్ సోకడం. వీటిలో స్టెరాయిడ్ల కథ మరీ బాధాకరం. మార్పిడి జరిగిన కొన్ని నెలలకు కాలేయ ఎంజైమ్‌లు పెరిగాయనుకోండి. అది తిరస్కరణా, వైరసా? బయాప్సీ (కాలేయం నుంచి చిన్న ముక్క) తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే రెండింటిలోనూ లింఫోసైట్ అనే రోగనిరోధక కణాలు సిరల పక్కన గుమిగూడి కనిపిస్తాయి. పిత్తనాళాలు ఎంత దెబ్బతిన్నాయి, సిరల లోపలి పొర కింద వాపు ఉందా లేదా అన్న సూక్ష్మమైన గుర్తుల మీద ఆధారపడి నిపుణులు తీర్పు చెప్పాలి. తిరస్కరణ అనుకుని స్టెరాయిడ్లు పెంచితే, అసలు కారణం వైరస్ అయినప్పుడు దానికి ఎదురు లేకుండా పోతుంది. వైరస్ అనుకుని ఊరుకుంటే, అసలు కారణం తిరస్కరణ అయినప్పుడు కాలేయం పోతుంది.

కొద్ది శాతం మందిలో మరీ భయంకరమైన రూపం కనిపించేది. బయాప్సీలో వాపు కణాలు పెద్దగా ఉండవు, వైరస్ మాత్రం అపారంగా ఉంటుంది. కాలేయ కణాలు ఉబ్బి, పిత్తం నిలిచిపోయి, కామెర్లు ముదిరి నెలల్లోనే కాలేయం చేతులెత్తేస్తుంది. మామూలు హెపటైటిస్ సిలో కాలేయాన్ని దెబ్బతీసేది ప్రధానంగా వైరస్ మీద మన శరీరం చేసే దాడే. ఇక్కడ ఆ దాడి అణిగిపోయిన చోట, వైరస్ తానే కణాన్ని నేరుగా చంపగలదని తేలింది.

ఇంకొక చిన్న విషయం. వైరస్ ఉన్న దాత కాలేయాన్ని వైరస్ ఉన్న రోగికే పెట్టినప్పుడు రెండు గుంపులూ కలిసి ఉంటాయా? సాధారణంగా ఉండవు. కొద్దికాలంలోనే ఒకటి పైచేయి సాధించి రెండోదాన్ని కనుమరుగు చేస్తుంది. గెలిచేది దాతదే కావచ్చు, రోగిదే కావచ్చు.

మూడు తాళాలు ఒకేసారి

మార్పిడి తర్వాత ఇంటర్‌ఫెరాన్, రైబావిరిన్ అనే పాత మందులు ఇచ్చి చూసిన కాలంలో సుమారు ముగ్గురిలో ఒకరికే నయమయ్యేది. జ్వరం, నీరసం, రక్తహీనత, కుంగుబాటు తట్టుకోలేక మధ్యలో మానేసినవారు ఎందరో. 2011లో వైరస్ ప్రొటీన్ల మీదే నేరుగా పనిచేసే తొలి మందులు టెలాప్రెవిర్, బోసెప్రెవిర్ వచ్చాయి. వాటితో మరో ఆపద. టాక్రోలిమస్‌ను ఒంట్లోంచి తొలగించే ఎంజైమ్‌ను టెలాప్రెవిర్ అడ్డుకుంటుంది. ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో రక్తంలో టాక్రోలిమస్ ప్రభావం 70 రెట్లు పెరిగింది. మోతాదులో చిన్న పొరపాటు జరిగినా మూత్రపిండాలకు ముప్పే.

2013 చివర్లో అమెరికాలో సోఫోస్‌బువిర్‌కు అనుమతి రావడంతో కథ మారింది. ఎత్తిరాసే ఎంజైమ్ ఎన్‌ఎస్5బికి అది నకిలీ అక్షరాన్ని అందిస్తుంది. దాన్ని పెట్టగానే రాత ఆగిపోతుంది. దీన్ని తప్పించుకోవాలంటే 282వ స్థానంలో మార్పు కావాలి. కానీ ఆ మార్పు వచ్చిన వైరస్ సరిగా పెరగలేదు. మందుకు లొంగకుండా ఉండాలంటే బతుకే భారమవుతుందన్నమాట. దానికి తోడు లెడిపాస్విర్, వెల్పటాస్విర్ వంటివి ఎన్‌ఎస్5ఎ అనే మరో ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. ఇంకొన్ని మందులు ప్రొటీన్‌ను ముక్కలు చేసే ఎన్‌ఎస్3 కత్తెరను బిగిస్తాయి. ఇందాకటి లెక్క ఇక్కడ పనికొస్తుంది. ఒక మందును దాటే పాఠాంతరం రోజూ పుడుతుంది. వేర్వేరు చోట్ల దెబ్బకొట్టే మందులన్నింటినీ ఒకేసారి దాటాలంటే, అన్ని మార్పులూ ఒకే నకలులో కుదరాలి, కుదిరినదానికి బతికే శక్తీ ఉండాలి. ఆ వైరస్ దాదాపు పుట్టదు. మార్పిడి జరిగినవారికి 12 వారాలు గ్లెకాప్రెవిర్, పిబ్రెంటస్విర్ కలిపి ఇచ్చిన ఒక పరీక్షలో 100 మందికి 98 మంది నయమయ్యారు. వారిలో 80 మంది కాలేయం, 20 మంది మూత్రపిండం పొందినవారు.

నయం కానివారిలో ఒక చిక్కు మిగిలిపోతుంది. ఎన్‌ఎస్3 మందులకు లొంగని రకాలు, మందు ఆపాక కొన్ని నెలల్లో మిగతా గుంపులో కలిసి మరుగునపడతాయి. ఎన్‌ఎస్5ఎలో, ముఖ్యంగా 93వ స్థానంలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం బదులు హిస్టిడిన్ వచ్చిన రకాలు అలా పోవు. ఏళ్ల తరబడి గుంపులోనే ఉంటాయి. అందుకే మళ్లీ చికిత్స మొదలుపెట్టే ముందు వైరస్ జన్యువును చదివించడం అవసరమవుతుంది. అలాంటివారికి మూడు మందులు కలిపిన మాత్ర ఉంది.

చికిత్స మార్పిడికి ముందు చేయాలా, తర్వాతనా? ముందే చేస్తే కొత్త కాలేయానికి అసలు సోకదు. మార్పిడికి ముందు సోఫోస్‌బువిర్, రైబావిరిన్ ఇచ్చిన పరీక్షలో, ఆపరేషన్ నాటికి 30 రోజులకు పైగా వరసగా వైరస్ కనిపించనివారిలో అది మళ్లీ రావడం చాలా అరుదు. అయితే ముదిరిన జబ్బులో ముందే చికిత్స చేస్తే మరో మెలిక ఉంది. రక్తపరీక్షల అంకెలు కాస్త మెరుగై, కాలేయం ఎవరికి ముందు ఇవ్వాలో నిర్ణయించే మెల్డ్ స్కోరు తగ్గుతుంది. రోగి మాత్రం ఇంకా పొట్టలో నీటితో, అయోమయంతో బాధపడుతూనే ఉంటాడు, వరసలో వెనక్కి పోతాడు. అందుకే స్కోరు 18–20 దాటి, త్వరలో కాలేయం దొరికే అవకాశం ఉన్నవారికి మార్పిడి తర్వాతే మందులివ్వడం మేలని చాలామంది నిపుణులు భావిస్తారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

ఇన్ని రూపాలు మార్చే ఈ వైరస్‌కు ఒక లోపం ఉంది. హెచ్‌ఐవీలా అది మన డీఎన్‌ఏలో చొరబడదు, హెపటైటిస్ బిలా కణ కేంద్రకంలో మూలప్రతిని దాచుకోదు. దాని గ్రంథమంతా కణద్రవంలో తేలే ఆర్‌ఎన్‌ఏనే. ఎత్తిరాయడం పూర్తిగా ఆగిపోతే ఉన్న ప్రతులన్నీ నశించి, మళ్లీ రాయడానికి ఆధారం మిగలదు. దాచిపెట్టిన ప్రతి లేదు కాబట్టే మందులు ఆపిన 12 వారాల తర్వాత కూడా రక్తంలో ఆర్‌ఎన్‌ఏ లేకపోతే నయమైందని ధైర్యంగా చెబుతున్నారు. ఈ ధైర్యంతోనే ఇప్పుడు, ఒకప్పుడు పక్కన పెట్టిన హెపటైటిస్ సి ఉన్న దాతల అవయవాలను వైరస్ లేని రోగులకు కూడా, వారి సమ్మతితో, అమర్చి వెంటనే మందులిస్తున్నారు.

నయమైనవారు ఒక్కటి గమనించాలి. కొన్నేళ్ల తర్వాత వేరే పని మీద రక్తపరీక్ష చేయించుకుంటే 'హెపటైటిస్ సి యాంటీబాడీ: పాజిటివ్' అని రావచ్చు. మార్పిడి అయినవారు ఆ కాగితం చూసి వణికిపోతారు. యాంటీబాడీలు పాత యుద్ధపు ఆనవాళ్లు, వైరస్ పోయినా ఏళ్ల తరబడి ఉంటాయి. చూడవలసింది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష ఫలితం. అందులో 'కనిపించలేదు' అని ఉంటే కాలేయంలో వైరస్ లేనట్టే.